మునుపు నడువని త్రోవ

ధ్యాన వాక్యభాగము: యెహోషువ 3, 4 అధ్యాయములు





జూను మాసము వచ్చినది. రోహిణి ఎండలు వెనుకబడి మృగశిర తొలకరి పడుచున్నది. పొలములలో దుక్కులు మొదలైనవి. బడులు తెరువబడినవి. గడచిన ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ప్రార్థన చేయించుకొనుటకు మా గుడిలో బల్ల యొద్దకు వచ్చినవారిని చూచితిమి. పదవ తరగతి ముగించి పట్టణములోని హాస్టలునకు పోవుచున్న పిల్లవాడు ఒకడు. మూడేండ్ల బిడ్డను అమ్మమ్మ చేతిలో పెట్టి కువైటులో ఇంటిపనికి బయలుదేరుచున్న తల్లి ఒకతె. తన ఊరు దాటి ఎన్నడును కాపురముండని క్రొత్త పెండ్లికూతురు ఒకతె. ఇకమీదట వారమునకు రెండుమారులు డయాలసిస్ చేయించుకొనవలెనని వైద్యుడు చెప్పగా విని వచ్చిన పెద్దాయన ఒకడు. వీరందరి త్రోవలు వేరు. అయినను అందరి కన్నులలోను మాకు కనబడిన ప్రశ్న ఒక్కటే. "అయ్యగారూ, ముందు ఏమగునో!"

ఈ ప్రశ్న మనిషికి క్రొత్త కాదు. మూడు వేల సంవత్సరములకు పైగా గడచిన కాలమున యొర్దాను గట్టు మీద నిలిచిన ఇశ్రాయేలీయుల హృదయములోను ఇదే ప్రశ్న యుండెను. కావున ఈ మాసము మనము వారితోకూడ ఆ నది యొడ్డున కొంతసేపు నిలిచి, దేవుడు వారినెట్లు దాటించెనో ధ్యానింతము.

గట్టు మీద మూడు దినములు

మొదట ఆ జనుల స్థితిని తలంచుకొనుడి. ఐగుప్తునుండి బయలుదేరిన నాటికి ఇరువది ఏండ్లు దాటిన పురుషులలో యెహోషువ, కాలేబు అను ఇద్దరు తప్ప అందరును అరణ్యములోనే రాలిపోయిరి. నలుబది ఏండ్లు వారిని నడిపించిన మోషే కూడ మృతినొందెను. ఇప్పుడున్నవారు చాలమట్టుకు ఎడారిలో పుట్టి పెరిగినవారు. ఇసుక వారికి తెలియును, గుడారము వారికి తెలియును, ప్రతి ఉదయము మన్నా ఏరుకొనుట వారికి తెలియును. కాని పొంగిన నది దాటుట, పొలము దున్నుట, వీటిలో ఒక్కటియు వారెరుగరు.

వారు షిత్తీము విడిచి యొర్దాను గట్టునకు వచ్చి అక్కడ దిగిరి. నాయకులు పాళెములో తిరిగి ఆజ్ఞలు ఇచ్చినది మూడు దినములైన తరువాత అని వాక్యములో చదువుచున్నాము. అనగా ఆ మూడు దినములు వారు చేసిన పని ఆ నదిని చూచుటయే.

అది ఎట్టి నది? కోతకాలమంతయు యొర్దాను గట్లు పొర్లి పారునని వాక్యము చెప్పుచున్నది. రైతులైన మీకు ఇది వింతగా తోచవచ్చును. మన గోదావరి, కృష్ణ వానకాలములో, ఊడ్పులు సాగు దినములలో పొంగును. కోత నాటికి వరద తీసియుండును. అక్కడ అట్లు కాదు. ఉత్తరమున నున్న హెర్మోను కొండమీది మంచు వసంతకాలములో కరగును. చలికాలపు వానల నీళ్లును వచ్చి చేరును. యవలు కోతకు వచ్చునది సరిగా ఆ కాలముననే. నేడు యొర్దానును చూడబోయినవారు, ఇంత చిన్న వాగా అని ఆశ్చర్యపడుదురు. ఎగువ నీటిని ఈ కాలపు దేశములు వ్యవసాయమునకును త్రాగుటకును మళ్లించుకొనుటచేత అది సన్నగిల్లినది. యెహోషువ దినములలో అట్లు కాదు. అది నిండు నది. వంతెన లేదు, పడవలు లేవు. వెనుక స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, మందలు. సంఖ్యాకాండము 26వ అధ్యాయములో లెక్కింపబడిన పురుషులే 6,01,730 మంది.

దేవుడు వారిని ఎండకాలములో, నీరు మోకాలి బంటి యున్నప్పుడు తీసికొని రాలేదు. పొంగు వేళకు తెచ్చి, మూడు దినములు దానిని చూడనిచ్చెను. మన కష్టము చిన్నదని ఆయన మనలను మోసపుచ్చడు. నది ఎంత లోతో చూచిన తరువాతనే నడువుమనును. కాబట్టి క్రొత్త త్రోవ యెదుట గుండె దడదడలాడిన విశ్వాసీ, భయము కలిగినంత మాత్రమున నీ విశ్వాసము చచ్చినదని తలంపకుము. గట్టు మీద నిలిచి నదిని చూచినవారందరికిని ఆ దడ కలిగియుండును.

మందసము ముందు నడచెను

అప్పుడు నాయకులు జనులకు ఇచ్చిన ఆజ్ఞను గమనింపుడి. యాజకులు మందసమును మోసికొని ముందు నడువవలెను. జనులు దాని వెంట పోవలెను. అయితే దానికిని వారికిని రెండువేల మూరల యెడముండవలెను. అది మన లెక్కలో ఇంచుమించు తొమ్మిదివందల మీటర్లు. ఈ యెడము ఎందుకు? ఆ త్రోవను వారు మునుపెన్నడును నడచినవారు కారు గనుక, తాము పోవలసిన త్రోవ తెలిసికొనునట్లు ఈలాగు చేయవలెనని నాయకులే దాని కారణమును చెప్పిరి.

మన తిరునాళ్లలో గాని, పెద్ద కూడికలలో గాని ఒక్కడు వచ్చుచుండగా జనమంతయు మీద పడినయెడల ఏమగునో మీరెరుగుదురు. ముందు వరుసలోని పదిమందికి తప్ప మరెవ్వరికిని కనబడదు. మందసము దూరముగా నడచినప్పుడు చిట్టచివరి పిల్లవాడును తండ్రి భుజము మీదనుండి చూడగలిగెను. మందసము పరిశుద్ధమైనది గనుక దానియెడల భయభక్తులు ఉండవలసినదే. అయితే ఆ దూరములో దయ కూడ దాగియున్నది. మన జీవితములో కొన్ని దినములు దేవుడు దూరముగా నున్నట్లు తోచును. ప్రార్థించినప్పుడు పూర్వమువలె హృదయము వెచ్చబడదు. అట్టి వేళ ఆయన మనలను విడిచెనని యెంచక, ఆయన ముందుకు నడచి త్రోవ చూపుచున్నాడేమో అని కన్నులెత్తి చూచుట మంచిది.

మన తెలుగు సంఘముల చరిత్రలోనే ఇట్లు నడచిన ఒకరిని ఇక్కడ జ్ఞాపకము చేసికొందము. మనము ఏ మిషనుకు చెందినవారమైనను బిషప్ అజరయ్య గారి పేరు విననివారు అరుదు. ఆయన తెలుగువాడు కాడు. 1874లో తమిళదేశమున, తిరునెల్వేలి ప్రాంతపు పల్లెలో ఒక గ్రామ గురువునకు కుమారుడై పుట్టెను. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ స్వంత కానుకలతో, దేశీయులైన సేవకులను పంపుటకు ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. దానిని స్థాపించిన ముఖ్యులలో అజరయ్య గారు ఒకరు. ఇతరులను పొమ్మని చెప్పుచు తాము ఇంటనుండుట తగదని తలంచి, 1909లో భార్యాబిడ్డలతో దోర్నకల్లునకు వచ్చిరి. అప్పుడది నిజాము రాజ్యములోని ఊరు. భాష వేరు, తిండి వేరు, వాడుక వేరు. పెద్ద సభలలో ఇంగ్లీషున మాటలాడిన మనిషి, పల్లెలలో తెలుగు అక్షరములు నేర్చుకొను విద్యార్థి కావలసివచ్చెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్లు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. అడుగులు పెట్టుటకు ముందటి అడుగుజాడ లేదు. దేశీయుడు ఆ భారమును మోయగలడా అని సందేహించినవారును ఉండిరి. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించు వరకు ఆ దోర్నకల్లులోనే నిలిచి, ఎక్కువ భాగము మాల మాదిగ పల్లెలలోని బీదల మధ్య సేవచేసిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన అక్కడి దేవాలయమును నేటికిని చూడవచ్చును. త్రోవ తెలిసిన తరువాత బయలుదేరుదమని ఆయన అనుకొనియున్నచో దోర్నకల్లు చేరకనే యుందురు.

పాదములు తడిసిన తరువాతనే

ఇక నదిలో జరిగిన దానిని చూతము. ఎర్రసముద్రము నొద్ద మోషే చెయ్యి చాపగా, రాత్రియంతయు బలమైన గాలి వీచి నీళ్లు పాయలైన తరువాత జనులు దిగిరి. ముందు ఆరిన నేల కనబడెను, పిమ్మట వారు నడచిరి. యొర్దాను నొద్ద అట్లు కాలేదు. ఇక్కడ మందసము మోయువారి పాదములు నీటి అంచున మునిగిన తరువాతనే నీళ్లు ఆగెను. తండ్రులకు చేసినట్లే మాకును చేయవలెనని వారు గట్టు మీద నిలిచి పట్టుపట్టియున్నచో నేటికిని గట్టు మీదనే యుందురు. దేవుడు మారడు గాని ఆయన దాటించు విధము ప్రతిసారియు ఒక్కటే కాదు. మన అన్నకు చేసినట్లు మనకు చేయకపోవచ్చును. పోయిన యేడు చేసినట్లు ఈ యేడు చేయకపోవచ్చును.

ఇంకొక మాట. నీళ్లు ఆగినది వారి కన్నుల యెదుట కాదు. బహుదూరమున, సారెతాను దగ్గర నున్న ఆదాము అను పురమునొద్ద అవి రాశిగా నిలిచెనని వ్రాయబడియున్నది. ఆ స్థలమును నేడు దామియా అందురు. అది యెరికో ఎదుటి రేవునకు సుమారు 25 నుండి 30 కిలోమీటర్ల ఎగువన నున్నది. 1267లో ఆ దామియా యొద్దనే ఎత్తైన గట్టు విరిగి నదిలో పడి, కొన్ని గంటలసేపు ప్రవాహము నిలిచిపోయెనని అరబ్బు చరిత్రకారుడొకడు వ్రాసియుంచెను. యెహోషువ నాడు దేవుడు ఏ సాధనమును వాడెనో వాక్యము చెప్పలేదు గనుక మేమును చెప్పము. అయితే సాధనమేదైనను, వేళ ఆయనదే. రేవునొద్ద యాజకుని కాలు తడియు వేళకు, కనుచూపు మేరకు ఆవల ఆయన పని జరుగుచుండెను. మనము నిలిచిన చోట నీళ్లు ఇంకను పారుచున్నట్లే కనబడవచ్చును. ఎగువన ఏమి జరుగుచున్నదో మనకు కనబడదు.

మేము నేర్చుకొనిన పాఠము

ఇంతవరకు మేము చెప్పినది మీరు పలుమారులు విన్నదే. మేమును ఇదే పాఠముమీద ఎన్నో ప్రసంగములు చేసితిమి. కాని ఇందులోని ముఖ్యమైన సంగతిని మేము సెమినరీలో నేర్చుకొనలేదు. మా సంఘములోని చదువురాని ఒక తల్లి వలన నేర్చుకొంటిమి. అది మాకు సిగ్గు కలిగించు సంగతియే అయినను, మీకు మేలు కలుగునని చెప్పుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా సంఘములో ఒక సహోదరుడు పొలములోనే గుండెపోటు వచ్చి కూలిపోయెను. నలుబది ఏండ్లు నిండలేదు. భార్య, ఇద్దరు పిల్లలు. ఆ సహోదరి వారపు సంతకు తప్ప ఒంటరిగా ఊరు దాటి ఎరుగదు. రేషను కార్డు, పాసు పుస్తకము, పంట అప్పు, అన్నియు భర్తయే చూచుకొనెడివాడు. పదునొకండవ దినమున మేము వారి ఇంటికి పోయితిమి. ఆమె ఒక ప్లాస్టికు సంచి తెచ్చి మా యెదుట కుమ్మరించెను. అందులో ఆధారు కార్డులు, అప్పు కాగితములు, ఏవేవో రసీదులు. "అయ్యగారూ, ఇందులో ఏది ఏందో నాకు తెలవదు. మరణ పత్రం తీసుకోవాలంట, పింఛనీకి అర్జీ పెట్టాలంట, బ్యాంకులో అప్పు సంగతి చూడాలంట. యాడికి పోవాలో, ఎవుర్ని అడగాలో" అని ఏడ్చెను.

మేము యెహోషువ గ్రంథము తెరచి ఈ భాగమునే చదివితిమి. త్రోవ క్రొత్తదైనను దేవుడు నీ ముందు నడచునమ్మా, భయపడకుము అని చెప్పితిమి. ప్రార్థన చేసితిమి. ఆ సాయంకాలము ప్రక్క ఊరిలో ఒక వివాహపు ప్రధానము ఉండుటచేత, త్వరగా లేచి మోటారు సైకిలెక్కి వెళ్లిపోతిమి. మేము చెప్పిన మాటలలో అబద్ధము లేదు. అయినను ఆ సంచిలోని కాగితములు మేము వచ్చినప్పుడు ఎట్లుండెనో మేము పోయినప్పుడును అట్లే నేలమీద నుండెను.

రెండు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. మూడవ వారము విచారింపగా సంగతి తెలిసినది. ఆమె ఒంటరిగా మండల కేంద్రమునకు పోయెను. బ్యాంకు తలుపు నొద్ద నిలిచి, ఏ కిటికీ యొద్దకు పోవలెనో తెలియక మధ్యాహ్నము వరకు ఆగెను. ఎవరో ఒకరు మరునాడు రమ్మనిరి. తిరుగు ప్రయాణములో వేరొక బస్సెక్కి, చీకటి పడిన తరువాత కాలినడకన ఇల్లు చేరెను. అటు తరువాత ఇల్లు కదలలేదు.

ఈ సంగతి మాకు చెప్పినది వారి వీధిలోని ఒక పెద్దమ్మ. కూలిపని చేసికొను మనిషి. ఆమెకు అక్షరము రాదు గాని ఆదివారము విన్న వాక్యము శనివారము వరకు మరువదు. మేము విచారముగా, "దేవుడామెకు త్రోవ చూపును పెద్దమ్మా" అంటిమి. ఆమె తట్టను క్రింద దించి మా ముఖము చూచి యిట్లనెను.

"చూపిత్తాడు, నేను కాదన్ను అయ్యగారూ. కానీ మీరే గదా చెప్పింది, మందసం ముందు పోయిందని. అది తనంతట తాను ఏట్లో దిగలేదు గదండీ. మోసినోళ్లు ఉన్నారు. ఆళ్ల కాళ్లే ముందు తడిసినై. మరి ఆ పిల్ల ముందర ఎవురు దిగారు?"

మేము ఉత్తరము చెప్పలేకపోతిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు ఉదయము పెద్దమ్మ మా కొరకు కాచుకొనలేదు. కూలి మానుకొని ఆ సహోదరిని వెంటబెట్టుకొని మొదటి బస్సుకు బయలుదేరెను. మేము సిగ్గుపడి వెనుకనే పోయి చేరితిమి. అర్జీలు మేము వ్రాసితిమి. వరుసలో పెద్దమ్మ నిలిచెను. ఒక్క దినముతో పని తీరలేదు. ఐదు మారులు తిరిగితిమి. ఒకనాడు సంతకము చాలలేదనిరి, ఒకనాడు ఫొటో చాలలేదనిరి. ఆ ఐదు దినములును పెద్దమ్మ కూలి పోయినది. దాని నామె ఎవరితోను చెప్పుకొనలేదు. బ్యాంకు యెదుటి వేపచెట్టు క్రింద ఇద్దరును ఇంటినుండి తెచ్చుకొనిన సద్దిమూట విప్పుకొని తినుచుండగా మేము చూచితిమి. ఆ దినమున మాకు యెహోషువ గ్రంథము మూడవ అధ్యాయము తెలిసినది.

చివరివాడు దాటు వరకు

ప్రియులారా, ఆ అధ్యాయము కడపటి వచనమును మరల చదువుడి. జనులందరు దాటు వరకు మందసము మోయు యాజకులు నది నడుమ ఆరిన నేలను స్థిరముగా నిలిచియుండిరి. ముందు దిగినవారు ముందు గట్టెక్కలేదు. లక్షలాది జనులు దాటుటకు ఎంత కాలము పట్టెనో! నడుము వంగిన ముసలివారు, చూలాలైన స్త్రీలు, మొరాయించు పశువులు, తల్లి చెయ్యి వదిలిన పిల్లలు. వీరందరు దాటుచుండగా యాజకులు భుజముమీద బరువుతో, ఎగువన రాశిగా నిలిచిన నీళ్ల క్రిందుగా, కదలక నిలిచిరి. జనులు త్వరపడి దాటిరని నాలుగవ అధ్యాయములో నున్నది. త్వరపడుటకు వారికి సెలవు కలదు. నిలుచుట యాజకుల పని.

దేవుడు నీకు తోడుగా నున్నాడని మనము ఒకరితో చెప్పునప్పుడు, ఆ తోడు ఎవరి భుజముమీద వారి యొద్దకు వచ్చునో కూడ తలంచవలెను. దేవుడు తలంచినయెడల మందసమును గాలిలో నడిపించియుండును. ఆయన అట్లు చేయలేదు. మనుష్యుల భుజములమీద, మనుష్యుల పాదములతో దానిని నదిలోనికి దింపెను. క్రొత్త నిబంధనలో ఈ యాజకత్వము మాబోటి పాదిరులకు మాత్రమే చెందినది కాదు. విశ్వాసులందరును యాజకులేనని పేతురు తన మొదటి పత్రికలో బోధించెను. ఆ పెద్దమ్మ యాజకురాలు. ఆ వారము ఆమె పాదములు ముందు తడిసినవి. మావి తరువాత తడిసినవి.

మన ప్రభువు విషయము ఇంతకంటె గొప్పది. ఆయన పరలోకమునుండి ధైర్యపు మాట ఒకటి పంపి ఊరకుండలేదు. తానే మన శరీరమును ధరించి, మన ఆకలిని, మన కన్నీటిని, మన మరణమును ఎరిగి, ఆ లోతైన నదిలో ముందుగా దిగెను. మనలో ఎవరమును నడచి తిరిగిరాని మరణపు త్రోవను సహితము ఆయన నడచి, మూడవ దినమున తిరిగి వచ్చెను. మనకు క్రొత్తదైన ఏ త్రోవయు ఆయనకు క్రొత్తది కాదు.

మన్నా నిలిచిపోయిన దినము

అవతలి గట్టున జరిగిన ఒక సంగతిని చెప్పి ముగింతుము. జనులు గిల్గాలులో దిగి పస్కా ఆచరించిరి. ఆ దేశపు పంటను తినిన మరునాడే మన్నా నిలిచిపోయెనని అయిదవ అధ్యాయములో చదువుచున్నాము. నలుబది ఏండ్లు తప్పక కురిసిన ఆహారము ఒక ఉదయమున కనబడలేదు. గంపతో బయలుదేరిన ఏ తల్లియో నేలంతయు వెదకి, దేవుడు మమ్మును మరచెనా అని అనుకొనియుండవచ్చును. మరువలేదు. చేతికందిన పంటయు ఆయన ఇచ్చినదే. ఇచ్చు విధము మారినది. ఇకమీదట దున్నవలెను, విత్తవలెను, కోయవలెను.

ఆ సహోదరి సంగతియు అంతే. కష్టములన్నియు తీరినవని మేము చెప్పము. యొర్దాను నీళ్లు, యాజకులు గట్టెక్కగానే, మునుపటివలె పొర్లి పారెను. ఎదుట యెరికో గోడలు అట్లే నిలిచియుండెను. ఆమెకు పింఛను వచ్చుచున్నది గాని, పంట అప్పు ఇంకను కొంత మిగిలియున్నది. రాత్రులు ఆమె ఏడ్చుచున్నదని పెద్దమ్మయే మాకు చెప్పును. పోయిన భర్త మరల రాడు. అయినను వ్రేలిముద్ర వేసిన ఆ చెయ్యి ఇప్పుడు సంతకము చేయుచున్నది. పెద్ద కుమార్తె యొద్ద అక్షరములు నేర్చుకొనెను. పోయిన చైత్రమాసములో దిగువ వీధిలో మరియొక స్త్రీకి భర్త పోయినప్పుడు, మేము వెళ్లుటకు ముందే ఈమె ఆ ఇంటిలో కూర్చుండి, కాగితముల సంచి విప్పి, ఏది ఏమిటో వేరుచేయుచుండెను. మేము గుమ్మములో నిలిచి దేవునికి స్తోత్రము చేసితిమి.

నది నడుమనుండి పండ్రెండు రాళ్లను ఎత్తి గిల్గాలులో నిలువబెట్టిరి గదా. ఈ రాళ్లు ఏమిటని పిల్లలు అడిగినప్పుడు జరిగినదానిని చెప్పవలెనని ఆజ్ఞ. మన ఇండ్లలోను అట్టి రాళ్లు ఉండవలెను. దేవుడు మిమ్మును ఏయే నదులు దాటించెనో, ఎవరి భుజములమీద దాటించెనో, రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ పిల్లలతో చెప్పుడి. రేపు వారు తమ యొర్దాను గట్టున నిలిచినప్పుడు మనము ప్రక్కన లేకపోవచ్చును. ఆ జ్ఞాపకము వారితో నుండును.

కాబట్టి ఈ మాసములో ప్రతి సంఘమును ఈ పనులు చేయవలెనని మేము వేడుకొనుచున్నాము. మీ వీధిలో క్రొత్త త్రోవకు వచ్చినవారెవరో కనుగొనుడి. హాస్టలునకు పోవు పిల్లవాని తండ్రికి పట్టణము తెలియనియెడల, తెలిసినవారు ఒకరు వెంట పోవుడి. కువైటు పోవు తల్లి వెనుక విడిచిన బిడ్డను ఆదివారము గుడికి తీసికొని వచ్చు పూచీ ఒక ఇల్లు తీసికొనుడి. డయాలసిస్‌కు పోవు పెద్దాయనతో వంతులవారీగా యువకులు బస్సెక్కుడి. మా సంఘములో ఈ మూడింటికిని పేర్లు వ్రాసికొంటిమి. మా పేరును అందులో నున్నది. ఇక క్రొత్త త్రోవలో నున్న మీరు, తోడు అడుగుటకు సిగ్గుపడకుడి. అడుగుట అవిశ్వాసము కాదు. దేవుడు మందసమును పంపినప్పుడు దాని వెంట నడచుటయే విశ్వాసము.

ప్రార్థన

మా ముందర నడచు ప్రభువా, మేమెరుగని త్రోవ యెదుట నిలిచియున్నాము. మా భయమును నీవెరుగుదువు. దానిని నీ యొద్ద దాచము. నీళ్లు ఇంకను పారుచున్నట్లు కనబడినను, నీవు చెప్పిన వేళ అడుగు పెట్టుటకు మాకు బలము దయచేయుము. మా పొరుగువారు నదిలో నుండగా మాటలు చెప్పి మరలిపోయిన మా తప్పును క్షమింపుము. చివరివారు దాటు వరకు భారము మోసికొని నిలుచుటకు మా భుజములను బలపరచుము. ఇల్లు విడిచిపోవు పిల్లలను, దూరదేశములకు పోవు తల్లిదండ్రులను, రోగులను, విధవరాండ్రను నీ చేతికప్పగించుచున్నాము. మాకు ముందుగా మరణపు నదిలో దిగి జయించిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.